వర్క్‌షాప్‌లో భౌతికశాస్త్రం: ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ టెక్నాలజీ’ ఫిజిక్స్‌కు సాటి వస్తుందా?

క్లుప్తంగా

ప్రిన్సిపుల్స్ ఆఫ్ టెక్నాలజీ 1980లలో అమెరికాలో రూపొందిన హైస్కూల్ కోర్సు. యంత్రాలు, ద్రవాలు, విద్యుత్తు, ఉష్ణం అనే నాలుగు వ్యవస్థలను ఒకే సూత్రాల చట్రంలో పెట్టి, ప్రయోగాలతో భౌతికశాస్త్రం నేర్పుతుంది. టెక్సస్‌లో దీనికి సైన్స్ క్రెడిట్ (హైస్కూల్ పట్టాకు లెక్కలోకి వచ్చే గుర్తింపు) ఉంది. చేతిపని మాత్రమే నేర్పే క్లాసు అనుకుంటే పొరపాటు. ఇంజనీరింగ్ కాలేజీలు ఆశించే ఫిజిక్స్ మొత్తం ఇందులోనే వచ్చేస్తుందనుకున్నా పొరపాటే. ఒక వ్యవస్థలో నేర్చుకున్న లెక్కను మరో వ్యవస్థకు పట్టుకెళ్లడం దీని అసలు బలం. ఆ లెక్క ఎక్కడ చెల్లదో చెప్పకుండా వదిలేస్తే అదే దీని బలహీనత.

ఒక పేరు, రెండు అనుమానాలు

ఏటా శీతాకాలంలో టెక్సస్ హైస్కూళ్లు వచ్చే ఏడాది సబ్జెక్టులు ఎంచుకోమని విద్యార్థులకు జాబితాలు ఇస్తాయి. కొన్ని బడుల జాబితాలో ఫిజిక్స్, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) ఫిజిక్స్‌లతో పాటు ప్రిన్సిపుల్స్ ఆఫ్ టెక్నాలజీ కూడా ఉంటుంది. పేరులో భౌతికశాస్త్రం ఊసే లేదు, వివరంలో మాత్రం సైన్స్ క్రెడిట్ అని ఉంటుంది. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో తల్లిదండ్రులు చాలావరకు ఇంటర్ ఎంపీసీ చదివి వచ్చినవారు. వాళ్లు చదువుకున్న విధానంలో ఇలాంటి కోర్సుకు చోటే లేదు. అందుకే రెండు అనుమానాలు వస్తాయి. ఇది ఐటీఐ తరహా పని నేర్పే క్లాసా? లేక ఫిజిక్స్ అంటే భయపడే పిల్లల కోసం పలచన చేసిన సైన్సా?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు కోర్సు పుట్టిన కారణంలోనూ, పాఠాలను పేర్చిన తీరులోనూ దొరుకుతుంది.

పుట్టుక వెనుక ఒత్తిళ్లు

1983లో అమెరికా జాతీయ విద్యా కమిషన్ ఒక నివేదిక ఇచ్చింది. హైస్కూల్ చదువు ప్రమాణం పడిపోతోందని హెచ్చరిస్తూ, పట్టా కావాలంటే మూడేళ్ల గణితం, మూడేళ్ల సైన్స్ తప్పనిసరి చేయాలని సూచించింది. తర్వాతి ఏళ్లలో రాష్ట్రాలు వరసగా నిబంధనలు బిగించాయి. దీంతో వృత్తివిద్యా విభాగాలకు కొత్త చిక్కు వచ్చిపడింది. రోజుకు ఉన్న పీరియడ్లు పెరగవు, తప్పనిసరి సబ్జెక్టులు మాత్రం పెరిగాయి. వెల్డింగ్, ఆటో మెకానిక్, ఎలక్ట్రానిక్స్ తరగతుల్లో చేరే పిల్లలకు ఆ మేరకు తీరిక తగ్గింది.

అదే కాలంలో ఫ్యాక్టరీలో పని స్వభావం కూడా మారింది. ఒకే యంత్రంలో హైడ్రాలిక్ సిలిండర్, ఎలక్ట్రిక్ మోటారు, సెన్సర్లు, చల్లబరిచే గొట్టాలు కలిసి పనిచేయడం మొదలైంది. కరెంటు పని ఒక్కటే తెలిసినవాడికి ఆ యంత్రంలో సగం అర్థం కాదు. నాలుగింటి వెనుక ఉన్న ఉమ్మడి సూత్రం తెలిసిన టెక్నీషియన్ కావాలని పరిశ్రమలు అడిగాయి. మామూలు ఫిజిక్స్ క్లాసు ఆ అవసరం తీర్చే స్థితిలో లేదు. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ లెక్కల ప్రకారం 1987లో హైస్కూల్ ముగించేసరికి ఫిజిక్స్ చదివినవారు దాదాపు 20 శాతమే. మిగతావాళ్లు ఆ తలుపు దాకా కూడా రాలేదు.

ఈ ఒత్తిళ్ల మధ్య టెక్సస్‌లోని వేకో కేంద్రంగా పనిచేసే సెంటర్ ఫర్ ఆక్యుపేషనల్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్, ఇండియానాలోని బ్లూమింగ్టన్‌కు చెందిన ఏజెన్సీ ఫర్ ఇన్‌స్ట్రక్షనల్ టెక్నాలజీ కలిసి ఈ కోర్సు తయారుచేశాయి. అనేక అమెరికా రాష్ట్రాల, కెనడా ప్రావిన్సుల విద్యాశాఖలు ఒక కూటమిగా ఏర్పడి ఖర్చు పంచుకున్నాయి. ఒకే దెబ్బకు రెండు సమస్యలు తీర్చాలన్నది వాటి ఆలోచన: వృత్తివిద్య విద్యార్థికి సైన్స్ క్రెడిట్ దక్కాలి, ఆ సైన్స్ అతని పనికి పనికిరావాలి.

నాలుగు వ్యవస్థలు, ఒకే లెక్క

మామూలు ఫిజిక్స్ పుస్తకం యాంత్రికశాస్త్రంతో మొదలై ఉష్ణం, తరంగాలు, విద్యుత్తు వరుసలో సాగుతుంది. ఘర్షణ ఒక అధ్యాయంలో, ఓమ్ నియమం ఇంకెక్కడో పది అధ్యాయాల తర్వాత వస్తాయి. ఆ రెండింటికీ చుట్టరికం ఉందని పుస్తకం చెప్పదు, విద్యార్థి తనంతట తాను కనిపెట్టుకోవాలి.

ప్రిన్సిపుల్స్ ఆఫ్ టెక్నాలజీ ఈ వరసను అడ్డంగా తిప్పింది. మూల పాఠ్యంలో 14 యూనిట్లు ఉన్నాయి. మొదటి ఏడాది బలం, పని, రేటు, నిరోధం, శక్తి, సామర్థ్యం (పవర్), బల పరివర్తకాలు అనే ఏడు. రెండో ఏడాది ద్రవ్యవేగం, తరంగాలు–కంపనాలు, శక్తి మార్పిడి సాధనాలు, ట్రాన్స్‌డ్యూసర్లు (ఒక రకం సంకేతాన్ని మరో రకంగా మార్చే పరికరాలు), వికిరణం, కాంతి వ్యవస్థలు, కాలస్థిరాంకాలు అనే మరో ఏడు. ఒక భావనను తీసుకుని, అది యంత్రంలో ఎలా ఉంటుంది, గొట్టంలో నీటికి ఎలా ఉంటుంది, తీగలో కరెంటుకు ఎలా ఉంటుంది, గోడ గుండా పోయే వేడికి ఎలా ఉంటుంది అని వరసగా చూస్తారు.

దీనికి పునాది ‘బలంలాంటి రాశి’ అనే భావన. వస్తువును కదిలించేది బలం, ఇరుసును తిప్పేది టార్క్. నీటిని గొట్టంలో నెట్టేది రెండు చివరల మధ్య పీడనంలో తేడా. ఆవేశాన్ని తీగలో నడిపేది వోల్టేజి తేడా. వేడిని ప్రవహింపజేసేది ఉష్ణోగ్రత తేడా. ప్రతి వ్యవస్థలోనూ నెట్టేది ఒకటి ఉంటుంది, నెట్టినందువల్ల కదిలేది ఇంకొకటి ఉంటుంది. ఆ కదలిక ఎంత వేగంగా జరుగుతుందో చెప్పేది రేటు: సెకనుకు మీటర్లు, సెకనుకు లీటర్లు, సెకనుకు కూలుంబులు, సెకనుకు జౌళ్లు. నెట్టేదాన్ని రేటుతో భాగిస్తే వచ్చేది నిరోధం. ఓమ్ నియమం విద్యుత్తుకు మాత్రమే చెందిన సొంత సూత్రంలా కాక, ఒక పెద్ద కుటుంబంలో సభ్యుడిలా కనిపించడం ఇక్కడే మొదలవుతుంది.

సామర్థ్యం దగ్గరికి వచ్చేసరికి ఈ అమరిక ఎంత ఉపయోగమో తెలుస్తుంది. 50 న్యూటన్ల బలంతో సెకనుకు 2 మీటర్ల వేగంతో ఒక బండిని లాగితే 100 వాట్లు. 200 కిలోపాస్కళ్ల పీడనం మీద సెకనుకు అర లీటరు నీటిని పంపు తోసినా 100 వాట్లే. 20 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు పారినా అంతే. నెట్టేదాన్ని రేటుతో గుణించడం ఒక్కటే మూడుచోట్లా చేసిన పని. విద్యార్థి మూడు సూత్రాలు కంఠస్థం పట్టనక్కర్లేదు, ఒకటి అర్థమైతే మిగతా రెండూ తనే రాసుకోగలడు.

ల్యాబ్‌లో ఇదే లెక్క యంత్రం మీదికి ఎక్కుతుంది. 12 వోల్టుల మోటారుతో నడిచే చిన్న వించ్‌కు (తాడును చుట్టుకుంటూ బరువు లాగే యంత్రానికి) 30 కిలోల బరువు కట్టారనుకుందాం. అమ్మీటర్ 10 ఆంపియర్లు చూపిస్తోంది, బరువు సెకనుకు 20 సెంటీమీటర్ల చొప్పున పైకి లేస్తోంది. లోపలికి పోతున్నది 120 వాట్లు. బయటికి వస్తున్నది 30ని 9.8తోనూ, 0.2తోనూ గుణిస్తే వచ్చే దాదాపు 59 వాట్లు. దక్షత 49 శాతం. మిగతా 61 వాట్లు ఎటు పోయాయన్న ప్రశ్న దగ్గర పాఠం అసలు మొదలవుతుంది. మోటారు తీగచుట్ట మీద చెయ్యి పెడితే వేడి, గేర్లలో ఘర్షణ, బేరింగు చప్పుడు. విద్యుత్ పాఠం, యాంత్రిక పాఠం, ఉష్ణ పాఠం ఒకే బల్ల మీద కలుస్తాయి. మామూలు సిలబస్‌లో ఈ మూడూ ఒకే రోజు కలిసే అవకాశం అరుదు.

బల పరివర్తకాల యూనిట్ కూడా ఇలాగే అల్లారు. గడ్డపార, కప్పీ, హైడ్రాలిక్ జాక్, విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకే పాఠంలో వస్తాయి. జాక్‌లో పెద్ద పిస్టన్ వైశాల్యం చిన్నదానికి పదిరెట్లుంటే బలం పదిరెట్లు అవుతుంది, కదిలే దూరం పదో వంతుకు పడిపోతుంది. 230 వోల్టులను 23కి దించే ఆదర్శ ట్రాన్స్‌ఫార్మర్‌లో కరెంటు పదిరెట్లు పెరుగుతుంది. ఏ పరికరమైనా ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గించాల్సిందే, శక్తిని మాత్రం కొత్తగా పుట్టించలేదు.

పోలిక ఎక్కడ తెగిపోతుంది?

ఇంత చక్కగా పేర్చిన చట్రానికి హద్దులున్నాయి. వాటిని దాచితే కోర్సు విద్యార్థికి తప్పు నేర్పినట్టే.

మొదటి హద్దు ఉష్ణం. పని అంటే నెట్టే రాశిని, జరిగిన రాశితో గుణించడం: బలం ఇంటూ దూరం, పీడనం ఇంటూ ఘనపరిమాణం, వోల్టేజి ఇంటూ ఆవేశం. ఉష్ణోగ్రత తేడాను ప్రవహించిన వేడితో గుణిస్తే మాత్రం శక్తి రాదు, ఎందుకంటే ఆ వేడే స్వయంగా శక్తి. ఉష్ణ ప్రవాహ రేటును కొలిచేదే వాట్లలో, దాన్ని ఉష్ణోగ్రత తేడాతో మళ్లీ గుణిస్తే అర్థంలేని ప్రమాణం వస్తుంది. ఉష్ణోగ్రతకు సరైన జోడీ ఎంట్రోపీ. అది హైస్కూల్ స్థాయి దాటిన విషయం. కాబట్టి నిరోధం వరకు నాలుగు వ్యవస్థలూ కలిసి నడుస్తాయి, పని, సామర్థ్యం దగ్గర నాలుగోది పక్కకు తప్పుకుంటుంది.

రెండోది నిరోధంలోనే ఉంది. ఓమ్ నియమం పాటించే తీగలో వోల్టేజి రెట్టింపైతే కరెంటూ రెట్టింపవుతుంది. సన్నని గొట్టంలో నెమ్మదిగా, సాఫీగా పారే ద్రవానికీ అంతే. ప్రవాహం సుడులు తిరగడం మొదలయ్యాక ఆ నిష్పత్తి చెడిపోతుంది, పీడన నష్టం దాదాపు ప్రవాహ రేటు వర్గంతో పెరుగుతుంది. ఇళ్లలో, పొలాల్లో నీటి పైపుల్లో సాధారణంగా ఉండేది ఈ సుడి ప్రవాహమే. ఇక పొడి ఉపరితలాల మధ్య ఘర్షణ వేగం మీద పెద్దగా ఆధారపడదు, దాన్ని బలం భాగించు వేగం అనే నిరోధంలో ఇరికించలేం.

మార్పు ఎంత త్వరగా జరుగుతుందో చెప్పే కాలస్థిరాంకం విషయమూ ఇంతే. లక్ష ఓమ్‌ల నిరోధకం ద్వారా 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌ను నింపితే కాలస్థిరాంకం 10 సెకన్లు. అప్పటికి 63 శాతం నిండుతుంది, 50 సెకన్లకు 99 శాతం దాటుతుంది. వేడినీళ్లు చల్లారడం సుమారుగా ఇదే వక్రరేఖ మీద నడుస్తుంది. అడుగున చిల్లు ఉన్న ట్యాంకు ఖాళీ కావడం మాత్రం ఈ వక్రరేఖను అనుసరించదు, చిల్లు బదులు పొడవాటి సన్నగొట్టం బిగిస్తేనే అనుసరిస్తుంది. మంచి ఉపాధ్యాయుడి చేతిలో ఈ తేడాలే అన్నిటికన్నా గొప్ప ప్రయోగాలు. విద్యార్థి గ్రాఫు గీసి, సరళరేఖ ఎందుకు రాలేదని అడిగిన రోజు అతను నిజంగా భౌతికశాస్త్రం చేస్తున్నట్టు.

చేత్తో చేస్తే బుర్రకెక్కుతుందా?

ఈ కోర్సులో ప్రతి ఉపయూనిట్‌కూ ఒక క్రమం ఉంది: పనిచేసే చోట తీసిన వీడియో, ఉపాధ్యాయుడి ప్రదర్శన, అవసరమైన గణితానికి ప్రత్యేకంగా ఒక మ్యాథ్ ల్యాబ్, తర్వాత చేత్తో చేసే ప్రయోగాలు, చివర పునశ్చరణ. ఇందులో తక్కువగా చర్చకు వచ్చేది, ఎక్కువ విలువైనది మ్యాథ్ ల్యాబ్. సూత్రాన్ని తిప్పి రాయడం, ప్రమాణాలు మార్చడం, గ్రాఫు వాలు కొలవడం ప్రయోగానికి ముందే అక్కడ సాధన చేయిస్తారు.

ఫలితాల మీద పరిశోధనలు జరిగాయి. అయోవా హైస్కూళ్లలో ప్రిన్సిపుల్స్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థులను ఫిజిక్స్ విద్యార్థులతో పోల్చి 1992లో ప్రచురించిన అధ్యయనంలో మొదటివారికే ఎక్కువ మార్కులు వచ్చాయి. కోర్సును సమర్థించేవారు దీన్ని తరచూ చూపేవారు. అయితే ఆ పరీక్ష తయారైంది ప్రిన్సిపుల్స్ ఆఫ్ టెక్నాలజీ పాఠ్యం ఆధారంగానే. తమకు నేర్పిన విషయం మీద ఆ పిల్లలు బాగా రాశారన్నంతవరకే అది రుజువు చేస్తుంది. వృత్తివిద్య విద్యార్థులు భౌతికశాస్త్రం అందుకోలేరన్న అపోహను తోసిపుచ్చడానికి అది చాలు, ఫిజిక్స్ కన్నా ఇదే మేలని చెప్పడానికి చాలదు.

విస్తృతమైన ఆధారం వేరేచోట ఉంది. 1998లో రిచర్డ్ హేక్ అనే భౌతికశాస్త్రవేత్త 62 ప్రాథమిక ఫిజిక్స్ కోర్సుల్లోని 6,000 మందికి పైగా విద్యార్థుల భావనాత్మక పరీక్ష ఫలితాలను పోల్చారు. కేవలం ఉపన్యాసంతో నడిచిన తరగతుల్లో, సాధించగలిగిన మెరుగుదలలో సగటున 23 శాతమే సాధించారు. విద్యార్థి ఆలోచించి, చర్చించి, వెంటనే సరిచూసుకునే తరగతుల్లో అది 48 శాతం. దీన్ని చూసి ల్యాబ్ పెడితే చాలనుకోకూడదు. 2018లో నటాషా హోమ్స్, కార్ల్ వీమన్ ప్రకటించిన విశ్లేషణలో, ఉపన్యాసంలో చెప్పినదాన్ని మళ్లీ నిర్ధారించుకోవడానికి మాత్రమే పెట్టిన కాలేజీ ల్యాబ్‌లు పరీక్ష ఫలితాలకు కొలవదగినంత మేలేమీ చేయలేదని తేలింది. వీమన్ నోబెల్ గ్రహీత, ప్రయోగశాలలోనే పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త. ఆయన నోట ఈ మాట రావడం తేలిగ్గా తీసుకోదగింది కాదు.

ఈ రెండు ఫలితాలూ పరస్పరం విరుద్ధం కావు. మాన్యువల్‌లో రాసినట్టు వరసగా మీటలు తిప్పి, ముందే తెలిసిన జవాబును పట్టికలో నింపే ప్రయోగం కూడా చేత్తో చేసేదే, కానీ అందులో నిర్ణయం తీసుకునే పని విద్యార్థికి లేదు. ఏం కొలవాలి, ఎంత లోపం ఒప్పుకోవచ్చు, లెక్కకు కొలతకు తేడా ఎందుకొచ్చింది అని అడిగే ప్రయోగమే నేర్పుతుంది. వించ్ ఉదాహరణలో 49 శాతం రాసి వదిలేస్తే మొదటి రకం, ఆ 61 వాట్లను వెతకమంటే రెండో రకం.

క్రెడిట్‌లో ఉన్న కీలకం

టెక్సస్‌లో సైన్స్ కోర్సు ఏదైనా బోధన సమయంలో కనీసం 40 శాతం ప్రయోగశాల, క్షేత్రపరిశీలనలకు కేటాయించాలన్న నిబంధన ఉంది. ఇది మామూలు ఫిజిక్స్‌కూ వర్తిస్తుంది. అంటే ల్యాబ్ సమయం ఒక్కటే ఈ రెండు కోర్సులను వేరుచేయదు. ప్రిన్సిపుల్స్ ఆఫ్ టెక్నాలజీకి ముందు ఆల్జీబ్రా 1, ఒక సైన్స్ కోర్సు పూర్తిచేసి ఉండాలని రాష్ట్ర పాఠ్యప్రణాళిక సూచిస్తుంది. ఒకప్పటి ‘నాలుగేళ్ల గణితం, నాలుగేళ్ల సైన్స్’ విధానంలో ఇది ఫిజిక్స్ స్థానాన్ని భర్తీ చేసేది. 2013లో వచ్చిన హౌస్ బిల్ 5 అనే టెక్సస్ చట్టం తర్వాత, పట్టాకు 22 క్రెడిట్లు కావాలనే పునాది ప్రణాళికలోనూ అనుమతించిన సైన్స్ కోర్సుల జాబితాలో నిలిచింది.

ఈ గుర్తింపే దీన్ని బతికించింది. వృత్తివిద్యకు సమాఖ్య నిధులిచ్చే 1990 నాటి పెర్కిన్స్ చట్టం హైస్కూల్ చివరి రెండేళ్లను కమ్యూనిటీ కాలేజీ రెండేళ్లతో కలిపే ‘టెక్ ప్రెప్’కు ప్రత్యేక నిధులిచ్చింది, అనువర్తిత భౌతికశాస్త్రం దానికి సహజమైన మెట్టయింది. ఆ ప్రత్యేక నిధులు 2011లో ఆగిపోయాయి. ఇంజనీరింగ్ డిజైన్ మీద దృష్టిపెట్టే ఇతర కోర్సులు ఈలోగా బడుల్లోకి వచ్చాయి. ఫిజిక్స్ చదివే హైస్కూల్ విద్యార్థుల వాటా కూడా 2013 నాటికి 39 శాతానికి పెరిగింది. చాలా బడుల్లో ప్రిన్సిపుల్స్ ఆఫ్ టెక్నాలజీ కనుమరుగైంది, సైన్స్ క్రెడిట్ కొనసాగిన చోట నిలబడే అవకాశం మిగిలింది.

క్రెడిట్ ఇచ్చేది రాష్ట్రం, ప్రవేశం ఇచ్చేది కాలేజీ. తికమకంతా ఈ రెంటినీ ఒకటిగా అనుకోవడంలో ఉంది. పట్టాకు సరిపోయే కోర్సు పోటీ ఎక్కువగా ఉన్న ఇంజనీరింగ్ కాలేజీకి సరిపోతుందన్న హామీ లేదు. అక్కడ మొదటి సెమిస్టరులోనే కలనగణితంతో (కాలిక్యులస్‌తో) కూడిన ఫిజిక్స్ ఎదురవుతుంది. ఒక సూత్రాన్ని మరోదాని నుంచి రాబట్టడం, విద్యుత్–అయస్కాంత క్షేత్రాలను ఊహించడం ఈ కోర్సు ప్రధాన లక్ష్యాలు కావు.

తెలుగు రాష్ట్రాల్లో ఇదే చిక్కు, వేరే రూపంలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ టెక్నీషియన్ లాంటి కోర్సులున్నాయి. వాటిలో చేరిన విద్యార్థి తర్వాత ఇంజనీరింగ్ ప్రవేశానికి అర్హత కావాలంటే గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల్లో బ్రిడ్జి కోర్సు పరీక్షలు రాయాలి. మోటారు విప్పి తీగచుట్ట చుట్టిన కుర్రాడు ఫిజిక్స్ చదవనట్టే లెక్క. ఎంపీసీ విద్యార్థికి దీనికి తలకిందుల పరిస్థితి: ఇంటర్ చివర 30 మార్కుల ప్రాక్టికల్స్ ఉంటాయి, ఎంసెట్ నుంచి ఈఏపీసెట్‌గా మారిన ప్రవేశపరీక్షలో గానీ జేఈఈలో గానీ వాటి జాడే ఉండదు. అందుకే చాలా కాలేజీల్లో రికార్డు పుస్తకం పూర్తవుతుంది, వర్నియర్ కాలిపర్స్ మాత్రం బీరువా దాటి రాదు.

అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఈ ఖాళీని పూడుస్తాయన్న ఆశ ఉంది. 2016లో మొదలైన ఈ పథకం కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు వస్తుంది. 6 నుంచి 12 తరగతుల పిల్లలు ఎలక్ట్రానిక్స్, రోబోటిక్స్, త్రీడీ ప్రింటింగ్ పరికరాలతో పనిచేయవచ్చు. ప్రభుత్వ బడుల్లో ఐదేళ్లలో మరో 50,000 ల్యాబ్‌లు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. పరికరాలపరంగా ఇవి 1980ల నాటి అమెరికా ల్యాబ్‌లకన్నా ఎంతో ముందున్నాయి. లేనిది ఆ పరికరాలకు ముడిపడిన, మార్కులున్న, యూనిట్ల వారీగా సాగే పాఠ్యం. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో పని–శక్తి పాఠం చెప్పే రోజున అదే బడిలో మోటారు, మల్టీమీటర్ తాళం వేసిన గదిలో ఉంటే, వించ్ లెక్క పుస్తకంలోనే మిగిలిపోతుంది. ప్రిన్సిపుల్స్ ఆఫ్ టెక్నాలజీ అనుభవం నుంచి తీసుకోదగినది ఏదైనా ఉంటే అది ఈ ముడే: ప్రయోగానికి పాఠంలో చోటు, పాఠానికి క్రెడిట్‌లో చోటు.

ఎవరికి సరిపోతుంది?

కమ్యూనిటీ కాలేజీ సాంకేతిక డిగ్రీ, నిర్వహణ, ఏసీ–రిఫ్రిజిరేషన్, ఆటోమేషన్ రంగాల వైపు చూస్తున్న విద్యార్థికి ఈ కోర్సు మామూలు ఫిజిక్స్‌కన్నా దగ్గరి దారి. ఇంజనీరింగ్ లక్ష్యమైతే దీని తర్వాతైనా, దీని బదులైనా అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఫిజిక్స్ చదవడం అవసరమవుతుంది. ఆ వరుసలోని ఫిజిక్స్ 1 బీజగణితంతో, ఫిజిక్స్ సి కలనగణితంతో నడుస్తాయి. ఒక బడిలో ఈ కోర్సు ఎలా నడుస్తోందో తెలుసుకోవాలంటే పరికరాల గది కన్నా ముందు పిల్లల ల్యాబ్ రిపోర్టు ఒకటి అడిగి చూడాలి. అందులో కొలతల పట్టిక కింద, లెక్కలో వచ్చిన జవాబుకు, మీటరు చూపిన అంకెకు మధ్య తేడాను విద్యార్థి తన మాటల్లో వివరించాడో లేదో కనిపిస్తుంది.